నోరు లేని చెలికత్తెలు

లక్డారం,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

అత్తమ్మకు,

నీ ఎల్సీ వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మమ్మీ నీ కోసం చింతకాయ తొక్కు నూరి జాడీకి ఎత్తింది. జహీరాబాద్ వైపు ఎవరు వెళ్తున్నా వాళ్ల చేతిలో పెట్టడానికి సిద్ధంగా ఉంది.

పటాన్‌చెరు పోస్టాఫీసులో ఈ రోజుల్లో కవర్లు కొనే అమ్మాయిని నేనొక్కదాన్నే అనుకుంటాను. కౌంటర్లో ఆయన నాకేదో కోర్టు కేసు ఉందనుకుని జాలిగా చూస్తున్నాడు. నీకు వినికిడి పోయాక ఫోను ఎలాగూ పనికిరాదు, కనీసం వాట్సాప్ నేర్చుకో అంటే అందులో కుశలం అడగడానికి చోటుండదంటావు. సరే, నీ మాటే నెగ్గింది.

అసలు సంగతి ఇది. జూన్‌లో హైదరాబాద్‌లోని చిత్రకళ కాలేజీకి ప్రవేశ పరీక్ష రాస్తున్నాను. పరీక్షకు ఒకే కథ మీద వేసిన ఆరు బొమ్మలు వెంట తీసుకుపోవాలి. ఏ కథో నీకు వేరే చెప్పాలా? వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు అట్ట ఊడిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని నువ్వు పద్యం చదివి అర్థం చెప్పిన ఆ పాత కావ్యమే. రాణి సంతానం కోసం ఏడాది మౌనవ్రతం పడుతుంది. ఆ ఏడాదిలోనే రాజు తోట వేయించడానికి సాలెవాళ్ల వాడ కూల్పించబోతాడు. చివరికి ఆరో ఆశ్వాసంలో, వ్రతం చెడిపోతుందని తెలిసి కూడా, రాణి నిండు సభలో నోరు విప్పి వాళ్ల తరఫున మాట్లాడుతుంది. ఆశ్వాసానికి ఒక బొమ్మ. మూడు అయ్యాయి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దు, ఏమీ అనుకోను.

డాడీకి ఇది ఇష్టం లేదు. మా మందుల కంపెనీలో జూన్‌లోనే కొందరిని పర్మినెంటు చేస్తారట, అందులో నా పేరు కూడా ఉందట. "బొమ్మలు ఎప్పుడన్న ఏసుకోవచ్చు బిడ్డా, పర్మినెంటు మల్ల మల్ల రాదు" అని రోజూ అన్నం ముందు అంటున్నాడు. నాకు మాత్రం ఆ సీటు కావాలి అత్తమ్మా. ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు.

చెయ్యి నొప్పి పుడుతోంది, ఆపుతున్నాను.
నీ మేనకోడలు
ఎల్సీ


జహీరాబాద్,
17 ఫిబ్రవరి 2025

ఎల్సీ తల్లికి,

అత్తమ్మ దీవెనలు. నీ బొమ్మలు చుట్ట విప్పి బల్ల మీద పరిచాను. లేచి పొయ్యి మీద పాలు చూసుకోవాలన్న సంగతి మరిచిపోయాను. పాలన్నీ పొంగిపోయాయి. ఆ నష్టం నీదే, పండగకు వచ్చినప్పుడు వసూలు చేస్తాను.

ఆ కళ్లు ఎక్కడ నేర్చావే? ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ పద్యాలు చెప్పాను. కవిగారు రాణి కళ్లను పట్టుకుని అన్ని పద్యాలు ఎందుకు నడిపాడా అని లోపల్లోపల విసుక్కునేదాన్ని. నువ్వు వేసిన కళ్లు చూశాక ఆయన్ను క్షమించాను. సాలెవాడ ముసలమ్మ కళ్లలో భయం ఒకలా, ఆమె మనవరాలి కళ్లలో ఇంకోలా వేశావు. ఎవరూ దగ్గర కూర్చుని నేర్పకుండా ఇది నీకెలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఒక్క మాట అడగనా? రాణి మూతికి పైట కొంగు అడ్డం పెట్టుకుంది, ఆమె వ్రతంలో ఉంది కాబట్టి బాగుంది. మరి చెలికత్తెలకేమైంది? ఒకతె ముఖానికి తామరాకు అడ్డం పెట్టుకుంది, ఒకతె చేత్తో మూసుకుంది, ఒకతె వెనక్కి తిరిగింది. రాజుగారు కూడా పూలచెండు వాసన చూస్తున్నాడు. వాడ కూలగొట్టమని చెబుతూ పూలు వాసన చూసే రాజు ఎవరే? మూడు బొమ్మల్లో పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కరికీ నోరు లేదు.

నాకు చెవులు పోయాక మనుషుల నోళ్లే ఆధారం. పెదవులు చూసి మాట పట్టుకుంటాను. అందరూ మాస్కులు కట్టుకున్న ఆ కరోనా కాలంలో కూరగాయల బండివాడు చెప్పే ధర కూడా తెలియక డబ్బులు అరచేతిలో పెట్టి చాపేదాన్ని. అంతకన్నా ఒంటరిగా నేనెప్పుడూ లేను. అందుకేనేమో, నీ బొమ్మల్లో మూసిన నోళ్లు చూస్తే దిగులు పుట్టింది. నువ్వు కావాలని వేశావా? ఏదైనా చెప్పాలనుకుంటున్నావా తల్లీ?

పాలు మళ్లీ తెప్పించుకున్నాను, కాచాలి.
నీ అత్తమ్మ
సుకుమారి


లక్డారం,
26 ఫిబ్రవరి 2025

అత్తమ్మకు,

వందనాలు. నువ్వు కళ్ల గురించి రాసింది మమ్మీకి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుంది.

నాలుగు, ఐదు పంపుతున్నాను. ఐదోదానిలో రాణి కిటికీ దగ్గర నిలబడి సాలెవాడ వైపు చూస్తుంటుంది. మగ్గాలు బయట పడేసి ఉంటాయి. ఆ మగ్గాలు నిజమైనవి, సంగారెడ్డిలో ఒక పాత ఇంటి అరుగు మీద చూసి గీసుకొచ్చాను.

నోళ్ల సంగతి అడిగావు. కొన్ని చెప్పుకోవడం కష్టం అత్తమ్మా. సిగ్గుగా ఉంటుంది. నేనే ఎలాగో చూసుకుంటాను. డాడీకి మాత్రం చెప్పకు. చెబితే ఇక పరీక్ష లేదు, ఏమీ లేదు.

కంపెనీలో పని మామూలే. బెల్టు మీద మాత్రల పట్టీలు వస్తుంటాయి, విరిగినవి ఏరి పక్కన పెట్టాలి. మా సూపర్‌వైజర్ రాజశేఖర్ సార్ ఈ మధ్య రోజూ టీ వేళకి నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడుతున్నాడు. ఏమీ అనడు, చూస్తూ ఉంటాడు. నేను తల ఎత్తను. పక్కన కూర్చునే నాగవల్లికి ఇదంతా నవ్వులాట.

నిద్ర సరిగా పట్టడం లేదు, ఆరో బొమ్మ గురించే ఆలోచన.
ఎల్సీ


జహీరాబాద్,
5 మార్చి 2025

ఎల్సీ తల్లికి,

నీ ఉత్తరం అందింది. ఐదో బొమ్మలో రాణి తప్ప అందరూ గోడ వైపు తిరిగి ఉన్నారు.

నేను ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. "సిగ్గుగా ఉంది, డాడీకి చెప్పకు" అన్న మాట వెనక ఏముంటుందో ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర ఆలస్యంగా తెలుసుకున్నాను. నీ విషయంలో ఆలస్యం చేయలేను. మీ నాన్నకు వేరే ఉత్తరం రాసి ఈ కవరుతో పాటే డబ్బాలో వేస్తున్నాను. నువ్వు చెప్పొద్దన్నది చెప్పేశాను. నా మీద కోపం వస్తే రానీ. నువ్వు మాత్రం భయపడకు. మీ నాన్న చిన్నప్పటి నుంచి కొంచెం తొందర మనిషే గాని, నీకంటే ఎక్కువేదీ లేదు వాడికి.

రాత్రీ పగలూ నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.
అత్తమ్మ


లక్డారం,
15 మార్చి 2025

అత్తమ్మకు,

వందనాలు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది, అయినా వందనాలు.

ఏం జరిగిందో విను. సోమవారం ఉదయం డాడీ నీ ఉత్తరం జేబులో పెట్టుకుని డ్యూటీ మానేసి మా కంపెనీ గేటు దగ్గరికి వచ్చాడు. షిఫ్టు మారే వేళ, గేటు దగ్గర రెండు షిఫ్టుల వాళ్లూ ఉన్నారు. "నా బిడ్డ నోరు మూపిచ్చినోడు ఎవడు? బయటికి పిలువుండ్రి" అని సెక్యూరిటీ మీద పడ్డాడు. రాజశేఖర్ సార్ పాపం ఏదో చిన్న ఫిర్యాదనుకుని ఎదురొచ్చాడు. "మూతికి మాస్కు కట్టుకోమన్నది నేనే అంకుల్. కట్టుకోకుంటే లోపలికి రానియ్య. అందరికి గదే రూలు" అన్నాడు. "అందరికా?" అని డాడీ ఆయన కాలరు పట్టుకున్నాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి చొక్కా గుండీలు రెండు కింద పడి ఉన్నాయి.

ఆ సార్ నా బల్ల దగ్గర నిలబడేది ఎందుకో తెలుసా? చింపిన అట్టపెట్టెల మీద నేను గీసే బొమ్మలు చూడటానికి. ఆయన కూతురికి బొమ్మల పిచ్చి ఉందట, ఎలా మొదలుపెట్టాలో నన్ను అడగాలని, అడగలేక ఊరుకున్నాడట. ఇప్పుడు ఆయన నా వైపు చూడడు. నాగవల్లి అయితే "నీకేమన్న పరేషాన్ ఉంటే నాతోని చెప్పాలె గని, గిట్ల మంచి మనిషి ఇజ్జత్ తీస్తవా?" అని నా పక్కనుంచి కుర్చీ మార్చుకుంది. డాడీ ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాడు.

నేను చెప్పుకోలేకపోయింది ఇదీ: నాకు నోళ్లు గీయడం రాదు. అంతే అత్తమ్మా. ఇంటర్ అయిన దగ్గర్నుంచి మూడేళ్లుగా ఈ బెల్టు దగ్గరే ఉన్నాను. తలకు టోపీ, ముక్కూ నోటికి మాస్కు, ఒళ్లంతా గౌను. నా ఎదురుగా కూర్చున్న మనిషిలో కనిపించేవి కళ్లే. నవ్వినా ఏడ్చినా కళ్లలోనే చూసి తెలుసుకుంటాం. నేను బొమ్మలు గీయడం నేర్చుకుంది వాళ్లను చూసే. అందుకే కళ్లు వచ్చాయి, కింది సగం రాలేదు. ఎవరో ఒకరు నేర్పి ఉంటే మొదట్లోనే చెప్పేవారు, నాకు నేనే గురువునాయె. నోరు రాని చోటల్లా ఆకో పువ్వో పెట్టాను. డాడీకి తెలిస్తే నోరు గీయడం రాని దానికి కాలేజీ ఎందుకంటాడని చెప్పొద్దన్నాను.

ఆరో బొమ్మ నా వల్ల కాదు. నిండు సభలో రాణి నోరు విప్పాలి, అక్కడ ఏ ఆకు అడ్డం పెట్టను? నాలుగు సార్లు గీశాను. ఒకసారి ఆవులిస్తున్నట్టు వచ్చింది, ఒకసారి పచ్చి మామిడి కొరికినట్టు వచ్చింది. మిగతా రెండూ చెప్పను. ఐదు బొమ్మలతో పోతే పరీక్షలో కూర్చోనివ్వరు. పరీక్షకు పోను. పర్మినెంటు చేస్తే చేస్తారు, ఇక్కడే ఉంటాను.

ఎల్సీ


జహీరాబాద్,
21 మార్చి 2025

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, నీకే ఆపదా లేదని. తరువాత మీ నాన్న కాలరు పట్టుకున్న చోట నవ్వాను. ఆ తరువాత రాజశేఖర్‌గారి గుండీలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆయనకు క్షమాపణ ఉత్తరం రాసి దీనిలోనే పెడుతున్నాను, నువ్వే చేతికివ్వు. తప్పు పూర్తిగా నాది, నీ తండ్రిది కాదని రాశాను. మీ నాన్నకు కూడా రాశాను, అక్క మాట విని ఆగమయ్యాడు పాపం.

నువ్వు పరీక్షకు పోనంటే ఊరుకోను, నీ ఐదు బొమ్మలూ దీనితోనే తిరిగి పంపుతున్నాను. నోళ్లు రావంటున్నావు. వాటి సంగతి ఈ జిల్లాలో నాకంటే బాగా చూసినవాళ్లు ఎవరున్నారే? కుంచె పట్టడం నాకు రాదు. చూసింది చెబుతాను, నువ్వు గీసుకో.

మొదట నువ్వు చేసే తప్పు: మాట్లాడటమంటే నోరు తెరవడం అనుకుంటున్నావు. మాట్లాడే మనిషి నోరు ఎక్కువసేపు మూసే ఉంటుంది. తెరుచుకునేది కొంచెమే. పళ్లు లెక్కపెట్టి గీశావంటే ఆ మనిషి నీతో మాట్లాడటం లేదు, పళ్ల డాక్టరుకు చూపిస్తోంది.

కోపంలో పెదవులు ముందుకు రావు, లోపలికి పోతాయి. మా ఇంటావిడ కిరాయి పెంచే ముందు పై పెదవి ఒకసారి తడుపుకుంటుంది, అది చూసి నేను ముందే లేచి వంటింట్లోకి పోతాను. ఇష్టం లేని మాటకు గడ్డం కింద చిన్న సొట్ట పడుతుంది. అబద్ధమాడేవాడి నోరు మాట అయిపోకముందే మూసుకుంటుంది. ప్రేమగా పిలిచేటప్పుడు కింది పెదవి ముందు కదులుతుంది, ఎందుకో నాకు తెలియదు, అందరికీ అంతే.

ఇక రాణి. ఆమె ఏడాది మాట్లాడలేదు. మా బడి హాస్టల్లో తల్లి పోయిన పిల్ల ఒకతి నెల పైగా మాట లేకుండా ఉండేది. ఆ పిల్ల మొదటి మాట అన్నప్పుడు నేను ఎదురుగా ఉన్నాను, అప్పటికే నాకు వినబడదు. పెదవులు ఒక్కసారిగా విడలేదు. ఎండిపోయి ఒక మూల అంటుకుని ఉంది, రెండో మూల ముందు విడింది. నోరు వంకరగా తెరుచుకుంది. అందంగా లేదు. కానీ అంతకంటే నిజమైన మాట నేను చూడలేదు. నీ రాణికి చక్కని నోరు వేయకు తల్లీ.

కాగితాలు అయిపోయాయి, అంచుల్లో రాస్తున్నాను. కోపం తగ్గితే చింతకాయ తొక్కు పంపమను.
అత్తమ్మ


లక్డారం,
27 ఏప్రిల్ 2025, ఆదివారం

అత్తమ్మకు,

వందనాలు. కోపం పోయింది, తొక్కు వస్తోంది, మమ్మీ తరఫు చుట్టం ఒకాయన తెస్తున్నాడు.

రాజశేఖర్ సార్ నీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ అత్తమ్మ రాత మస్తుగ ఉందమ్మా, మా ఇంట్ల చూపిస్త" అన్నాడు. డాడీ ఒక కొత్త చొక్కా కొనుక్కెళ్లి ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన కూతురు నిషిత ఆదివారాలు మా ఇంటికి వస్తోంది. నాగవల్లి కూడా పాత కుర్చీకి వచ్చేసింది.

నోళ్ల కోసం నేను పడ్డ పాట్లు విను. క్యాంటీన్లో మాస్కులు తీస్తారు కదా అని అక్కడ గీయబోతే "తినేటప్పుడు నోట్లెకు చూస్తవేందే, దిష్టి తగులుతది" అని నాగవల్లి పళ్లెం పట్టుకుని తిరిగి కూర్చుంది. ఈస్టర్ ఆరాధనలో పాటల బృందానికి ఎదురుగా మొదటి వరుసలో కూర్చున్నాను. ఎదురుగా అన్ని నోళ్లు, పండగే అనుకున్నాను. కానీ పాడేటప్పుడు అందరి నోరూ ఒకేలా ఉంటుంది. చర్చి అయ్యగారి భార్య మాత్రం నా భక్తికి సంతోషించి మమ్మీకి చెప్పిందట.

చివరికి నువ్వు చెప్పిన ఆ హాస్టల్ పిల్లలాగే చేశాను. పోయిన శనివారం సెలవు పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మంచినీళ్లు కూడా తక్కువ తాగాను, పెదవులు ఎండాలని. డాడీ రెండు మూడుసార్లు పలకరించి "మల్ల ఏమైంది బిడ్డా?" అని భయపడ్డాడు. పలక మీద "రాణి వ్రతం" అని రాసి చూపించాను. పొద్దు గుంకే వేళకి అద్దం ముందు నిలబడి మొదటి మాట అన్నాను, పెదవులు విడిపోతున్న ఆ క్షణం చూసుకుని గీశాను. ఒక మూల నిజంగానే అంటుకుంది అత్తమ్మా.

ఆ పలక చూసిన దగ్గర్నుంచి డాడీ అన్నం ముందు పర్మినెంటు మాట ఎత్తడం లేదు.
ఎల్సీ


లక్డారం,
29 జూన్ 2025, ఆదివారం

అత్తమ్మకు,

వందనాలు. ముందే చెప్పేస్తాను, సీటు వచ్చింది.

పరీక్ష రోజు ముగ్గురు పెద్దవాళ్లు ఆరు బొమ్మలూ నేల మీద పరిచి చుట్టూ తిరిగారు. మొదటి ఐదూ చూసి ఒకాయన "ఈ అమ్మాయి నోళ్లు తప్పించుకుంటోంది" అని పక్కాయనతో నేను వినేలాగే అన్నాడు. ఆరోదాని దగ్గరికి వచ్చి ముగ్గురూ ఆగారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఉత్తరాల్లో అన్నాను. పోస్టు ద్వారా కోర్సు అనుకున్నట్టున్నారు, ఏ సంస్థ అని అడిగారు. మా అత్తమ్మ అన్నాను.

ఒకావిడ వంగి చూసి "రాజుగారి వేళ్లకు గోళ్లు లేవేమ్మా?" అంది. అప్పుడు చూసుకున్నాను. ఎవరికీ లేవు. మేం గ్లౌజులు కూడా వేసుకుంటాం కదా.

డాడీ నిన్న కంపెనీకి వచ్చి నా రాజీనామా కాగితం తనే ఇచ్చాడు. గేటు దగ్గర ఈసారి ఎవరి కాలరూ పట్టుకోలేదు. ఆరో బొమ్మ నీకే పంపుతున్నాను. వాళ్లు తిరిగిచ్చేశారు, అది నీ దగ్గరే ఉండాలి.

ఎల్సీ


జహీరాబాద్,
6 జూలై 2025

నా ఎల్సీకి,

బొమ్మ అందింది. ఎదురు గోడకు పెట్టుకుని రాస్తున్నాను. పిల్ల కాలేజీకి పోతోందని ఈ వీధిలో అందరికీ చెప్పాను, వాళ్లు ఏం బదులు చెప్పారో పట్టించుకోలేదు.

ఎర్ర సిరాతో దిద్దమన్నావు కాబట్టి ఒక తప్పు చెబుతాను. కావ్యంలో రాణి సభలో అనే మొదటి మాట "ఓ రాజా". "ఓ" అనాలంటే పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. నీ రాణి పెదవులు గుండ్రంగా లేవు. ఒక మూల అంటుకుని, రెండో మూల విడి, కింది పెదవి ముందు కదిలి ఉంది. ఆమె రాజును పిలవడం లేదు. పరీక్షలో ఆ ముగ్గురికీ అది తెలిసే దారి లేదు. నాకు తెలుసు. నా చెవులు పనిచేసిన రోజుల్లో, సెలవులు అయిపోయి మీ నాన్న నిన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, బస్సు కిటికీలోంచి నన్ను పిలిచేటప్పుడు నీ నోరు ఇలాగే ఉండేది.

అద్దం ముందు రోజంతా దాచుకున్న మొదటి మాట "అత్తమ్మా" అన్నావు కదూ.

దిద్దకు. ఇన్నేళ్ల తరువాత నీ గొంతు విన్నాను.

అత్తమ్మ